ముందు వైరు, తర్వాతే చార్జరు

రాయవరం, మండపేట, రామచంద్రపురం చుట్టుపక్కల ఎలక్ట్రిక్ కారు కొనేవాళ్ళకు హైదరాబాదు అపార్ట్‌మెంటువాసులకు లేని సదుపాయం ఒకటుంది. ఇల్లు సొంతం, ప్రహరీ సొంతం, కారు నిలిపే చోటికి నాలుగడుగుల దూరంలోనే కరెంటు మీటరు. సెల్లార్లో పార్కింగు గురించి అసోసియేషన్‌తో వాదించే పని లేదు. రాత్రి ప్లగ్గు పెడితే తెల్లారేసరికి బండి సిద్ధంగా ఉంటుంది. కాకినాడైనా రాజమహేంద్రవరమైనా నలభై కిలోమీటర్లకు కాస్త అటూ ఇటూ, అంతే. పొద్దున వెళ్ళి సాయంత్రం తిరిగొచ్చినా చిన్న బ్యాటరీ కారుకు అది ఒక్క చార్జింగుతో అయ్యే పని. ఇంత అనువుగా ఉన్నా కొన్నాక తలపట్టుకునేవాళ్ళు కనిపిస్తున్నారు. అలాంటి చోట్ల కారులో గానీ చార్జర్లో గానీ దోషం ఉండడం అరుదు. దోషమల్లా ఇంటి వైరింగులో ఉంటుంది.

ఇంటి ప్లగ్గుతో కారు నడపడం మన దేశానికి కొత్త కాదు. 2001లో బెంగళూరు నుంచి వచ్చిన రేవా కారుకు మామూలు పవర్ ప్లగ్గే ఆధారం. ఆనాటి లెడ్ యాసిడ్ బ్యాటరీలతో దూరప్రయాణం మాట ఎత్తడానికి లేకపోయేది కాబట్టి అది పట్నపు వీధులకే పరిమితమైంది. 2020 జనవరిలో టాటా నెక్సాన్ ఈవీ 30.2 యూనిట్ల లిథియం బ్యాటరీతో వచ్చాక పరిస్థితి మారింది. తర్వాత రెండు మూడేళ్ళలో 24 యూనిట్ల టియాగో, 17.3 యూనిట్ల కామెట్ లాంటి చిన్న కార్లు వచ్చాయి. మధ్యతరగతి కుటుంబం లెక్క వేసుకోగలిగిన ధరలో ఎలక్ట్రిక్ కారు దొరికింది అప్పుడే.

షోరూములో గోడపెట్టెను చూపించి చార్జరంటారు గానీ, ఇంటి చార్జింగులో అసలు చార్జరు కారు లోపలే ఉంటుంది. మన ఇళ్ళకు వచ్చే ఏసీ కరెంటును బ్యాటరీకి కావలసిన డీసీగా మార్చేది అదే. గోడకు బిగించే పెట్టె కారుతో సంకేతాలు మార్చుకుని, అన్నీ సరిగా ఉంటే కరెంటు వదిలి, తేడా వస్తే ఆపేస్తుంది. కాబట్టి కారు లోపలి చార్జరు 3.3 కిలోవాట్లదైతే గోడమీద 11 కిలోవాట్ల పెట్టె పెట్టినా కారు తీసుకునేది 3.3 మాత్రమే. ఏ కారు ఎంత తీసుకుంటుందో తెలుసుకోకుండా పెద్ద పెట్టె కొనడం డబ్బు దండుగ.

ఇంట్లో మనకున్న దారులు ముఖ్యంగా రెండు. 16 ఆంపియర్ల పెద్ద ప్లగ్గుకు కారుతో వచ్చే కేబుల్ తగిలిస్తే గంటకు మూడు యూనిట్ల చిల్లర ఎక్కుతుంది. గోడపెట్టె బిగించుకుంటే సింగిల్ ఫేజ్ మీద 32 ఆంపియర్లు, అంటే గంటకు ఏడు యూనిట్ల పైన. త్రీఫేజ్ ఉన్న ఇంట్లో, కారు ఒప్పుకుంటే, 11 వరకూ వెళ్ళవచ్చు. రోజుకు నలభై, యాభై కిలోమీటర్లు తిరిగే టీచరో, బ్యాంకు ఉద్యోగో, వరి వ్యాపారో తీసుకోండి. చిన్న కారు యూనిట్‌కు ఏడు కిలోమీటర్లు ఇస్తుందనుకుంటే రోజు ఖర్చు ఏడు యూనిట్లు. పెద్ద ప్లగ్గు మీద రెండుమూడు గంటల పని. ఇలాంటి వాడకానికి గోడపెట్టె తప్పనిసరి కాదని నా అభిప్రాయం. రోజూ వంద కిలోమీటర్లు దాటేవాళ్ళకు, 59, 79 యూనిట్ల పెద్ద బ్యాటరీ కార్లున్నవాళ్ళకు, ఒకే ఇంట్లో రెండు ఎలక్ట్రిక్ కార్లున్నవాళ్ళకు మాత్రం అది అవసరమే.

గోడపెట్టె వద్దన్నానని ఇంట్లో ఉన్న ఏదో ఒక ప్లగ్గులో పెట్టేయమని కాదు. గీజరు పావుగంట వేసి ఆపేస్తాం. ఏసీ గది చల్లబడ్డాక కంప్రెసరు విరామం తీసుకుంటుంది. మోటారు ట్యాంకు నిండగానే ఆగుతుంది. కారు అలా కాదు. పదిహేను ఆంపియర్ల దాకా కరెంటును గంటల తరబడి, ఒక్క నిమిషం ఆపకుండా లాగుతుంది. మామూలు వాడకంలో బయటపడని లోపాలన్నీ ఇక్కడ బయటపడతాయి. ప్లగ్గు కాలు సాకెట్లో కాస్త వదులుగా ఉందంటే అక్కడ వేడి పుడుతుంది, వేడికి ఆ పట్టు మరింత సడలుతుంది, ఇంకా వేడెక్కుతుంది. చివరికి ప్లాస్టిక్ కరుగుతుంది. సాకెట్ రంగు మారినా, కాలిన వాసన వచ్చినా, గంట తర్వాత ముట్టుకుంటే చెయ్యి పెట్టలేనంత వేడిగా ఉన్నా వెంటనే ఆపేయాలి. మన పెద్ద ప్లగ్గు కాళ్ళు లావు కాబట్టి కొంత నయం. 2024లో అమ్ముడైన కొత్త కార్లలో పదింట దాదాపు తొమ్మిది ఎలక్ట్రిక్‌వే అయిన నార్వేలో కూడా రోజువారీ చార్జింగుకు మామూలు గోడ సాకెట్టు వాడవద్దనే భద్రతాధికారులు చెబుతున్నారు.

కాబట్టి కారు లైను వేరుగా వేయాలి. మీటరు దగ్గర నుంచి సూటిగా, మధ్యలో ఇంకే ప్లగ్గూ లైటూ తగలకుండా, దాని ఎంసీబీ దానికే ఉండేలా. పెద్ద ప్లగ్గుకైతే 4 చదరపు మిల్లీమీటర్ల రాగి వైరు, 32 ఆంపియర్ల గోడపెట్టెకైతే కనీసం 6, దూరం ఎక్కువైతే 10. అయితే కొన్ని ఇళ్ళలో మీటరు వీధి అరుగు దగ్గరుంటే కారు షెడ్డు పెరటి పక్కనో, కొబ్బరితోట అంచునో ఉంటుంది. ఆ దూరానికి వైరు మందం పెంచకపోతే కారుకు చేరేసరికి ఓల్టేజి పడిపోతుంది. పడిన ఓల్టేజి వైరులో వేడిగా మారుతుంది, దానికీ మీరే బిల్లు కడతారు. సాకెట్టు కూడా ఇండస్ట్రియల్ రకం పెట్టించుకోవడం మంచిది. ఎక్స్‌టెన్షన్ బోర్డు మాటే వద్దు.

పాత మండువా లోగిళ్ళు, పెంకుటిళ్ళు ఉన్నవాళ్ళు ఇంకాస్త శ్రద్ధగా చూసుకోవాలి. చెక్కపట్టీల మీద అల్యూమినియం వైరింగు ఉన్న ఇళ్ళు ఇప్పటికీ ఉన్నాయి. పై గదులు కొత్తగా కట్టి, కింద పాత లైనుకే అతుకు వేసిన ఇళ్ళు అంతకంటే ఎక్కువ. వాటిలో కారు పెట్టడమంటే కోరి నిప్పును ఇంట్లోకి పిలవడమే.

అన్నిటికంటే ముఖ్యం ఎర్త్. మన పల్లెల్లో స్తంభం నుంచి ఇంటికి వచ్చేది సాధారణంగా ఫేజూ న్యూట్రలూ మాత్రమే. ఎర్త్ ఇంటివాళ్ళే గుంట తీసి, జీఐ పైపు దించి, బొగ్గూ ఉప్పూ పోసి ఏర్పాటు చేసుకోవాలి. చాలా ఇళ్ళలో ఇల్లు కట్టిన ఏడాది వేసిన ఆ పైపును తర్వాత ఎవరూ పట్టించుకోరు. పైపు చుట్టూ గచ్చు చేసేస్తారు, నీళ్ళు పోసే దారి మూసుకుపోతుంది. పైకి వచ్చే తీగ తుప్పుపట్టి తెగిపోయినా ఇంట్లో లైట్లు వెలుగుతూనే ఉంటాయి, ఫ్యాన్లు తిరుగుతూనే ఉంటాయి. ఎర్త్ లేదన్న సంగతి ఎవరికీ తెలియదు. కారు కేబుల్‌కు మాత్రం తెలుస్తుంది. చార్జింగు మొదలుపెట్టే ముందు అది ఎర్త్‌ను పరీక్షిస్తుంది. లేకపోతే ఎర్ర లైటు వేసి మొరాయిస్తుంది.

అప్పుడు జరిగే తప్పే నన్ను భయపెడుతుంది. సాకెట్టు విప్పి ఎర్త్ పిన్నుకూ న్యూట్రల్‌కూ చిన్న వైరు ముక్క కలిపేస్తారు. ఎర్ర లైటు పోతుంది, చార్జింగు మొదలవుతుంది, పని అయిపోయిందనుకుంటారు. కానీ ఏ గాలివానకో స్తంభం దగ్గర న్యూట్రల్ ఊడిందంటే ఆ వైరు ముక్క ద్వారా కరెంటు కారు ఒంటికి వస్తుంది. కారు నిలబడింది రబ్బరు టైర్ల మీద. తలుపు తీయబోయే మనిషి నిలబడింది వానకు తడిసిన నేల మీద, చాలాసార్లు చెప్పుల్లేకుండా. ఆ వైరు ముక్క కలిపిన చెయ్యి ఎవరిదైనా, దాని ఫలితం ఇంట్లో పిల్లల మీద పడవచ్చు. ఎలక్ట్రీషియన్ అలా చేస్తానంటే ఒప్పుకోవద్దు. ఎర్త్ గుంట కొత్తగా తీయించడానికి అయ్యే ఖర్చు కారు ధరలో లెక్కకు రాదు.

ఈ నేల తీరు కూడా తెలుసుకోవాలి. రాయవరం 2022 ఏప్రిల్‌లో కోనసీమ జిల్లాలో చేరినా, ఉన్నది మాత్రం గౌతమికి తూర్పున, ధవళేశ్వరం నుంచి వచ్చే తూర్పు డెల్టా కాలువల ఆయకట్టులో. కాలువల్లో నీరున్నంత కాలం నల్లరేగడి నేలలో తేమకు కొదవుండదు, ఎర్త్ చక్కగా పనిచేస్తుంది. వేసవిలో కాలువలు కట్టేశాక నేల బీటలు తీస్తుంది, ఎర్త్ నిరోధం పెరుగుతుంది. వానల్లో సరిగా చార్జయిన కారు మే నెలలో మొరాయిస్తే ముందు చూడవలసింది గుంటలో తేమ. ఆ రోజుల్లో గుంటలో నీళ్ళు పోస్తూ ఉండాలి. గౌతమి దాటి సముద్రం వైపు, అంతర్వేది, ఓడలరేవు దాకా వెళ్తే సమస్య ఇంకో రకం. ఉప్పు నేల కరెంటును బాగానే తీసుకుంటుంది గానీ ఇనుప పైపును త్వరగా తినేస్తుంది. అక్కడ రాగి పూత రాడ్లు వేసుకుని, ఏటా మీటరు పెట్టి చూపించుకోవాలి. పరీక్ష చేసినప్పుడు ఎర్త్ నిరోధం 5 ఓమ్‌ల లోపు ఉంటే నిశ్చింత.

ఎర్త్‌తో పాటు 30 మిల్లీఆంపియర్ల ఆర్‌సీసీబీ ఉండి తీరాలి. మనిషి ఒంట్లోంచి కరెంటు నేలకు దిగడం మొదలైతే లిప్తపాటులో లైను కోసేది అదే. ఎంసీబీకి ఆ పని చేతకాదు, అది వైరును కాపాడేదే తప్ప మనిషిని కాపాడేది కాదు. మామూలు ఏసీ రకం ఆర్‌సీసీబీ కారుకు చాలదు. బ్యాటరీ వైపు నుంచి డీసీ కరెంటు కొద్దిగా లీకైనా అది మొద్దుబారిపోతుంది. ‘ఏ’ (A) రకం తీసుకుని, గోడపెట్టెలో 6 మిల్లీఆంపియర్ల డీసీ లీకేజీని పట్టే ఏర్పాటు ఉందా అని అడగండి. ఆ ఏర్పాటు లేకపోతే ‘బీ’ (B) రకం పెట్టాలి. కరెంటు సామాన్ల కొట్లో చౌక రకం చేతిలో పెడతారు, ఈ ఒక్క చోట బేరమాడవద్దు.

చార్జింగు అనగానే చాలామందికి గుర్తొచ్చేది 2022 ఏప్రిల్. ఆ నెలలో కొద్ది రోజుల తేడాతో నిజామాబాద్‌లోనూ విజయవాడలోనూ స్కూటరు బ్యాటరీలు పేలి మనుషులు చనిపోయారు. రెండు చోట్లా బ్యాటరీని స్కూటరు నుంచి విడదీసి ఇంట్లోకి తెచ్చి, మనుషులు పడుకున్న చోట చార్జింగు పెట్టారు. ఆ తర్వాత కేంద్రం ద్విచక్ర వాహనాల బ్యాటరీల భద్రతా ప్రమాణాలను కఠినం చేసి, 2022 డిసెంబరు నుంచి దశలవారీగా అమల్లోకి తెచ్చింది. కారు బ్యాటరీ కారులోనే, ఆరుబయటే ఉంటుంది కాబట్టి ఆ ప్రమాదం దీనికి అలాగే వర్తించదు. కానీ ఇంట్లో స్కూటరు కూడా ఉంటే దాని బ్యాటరీని పడకగదిలోకి తేవద్దు, కారు షెడ్డులోనే చార్జింగు పెట్టండి.

పెట్టె ఎక్కడ బిగించాలన్నది కూడా ఆలోచించాల్సిందే. ఎండ నేరుగా పడని గోడ, వాన జల్లు కొట్టని చూరు. లంక గ్రామాలవాళ్ళు 1986, 2022 వరదల్లో నీరు ఎక్కడిదాకా వచ్చిందో పెద్దవాళ్ళను అడిగి, ఆ గీతకు పైన బిగించాలి. రాయవరం వైపు గోదావరి నేరుగా రాకపోయినా డ్రెయిన్లు పొంగుతాయి. నీళ్ళలో నిలిచిన కారుకు సర్వీసు వాళ్ళు చూసేదాకా ప్లగ్గు పెట్టకూడదు. ఈదురుగాలుల కాలంలో పిడుగుల దెబ్బకు టీవీలు పోవడం అందరూ చూసిందే, కాబట్టి లైనుకు సర్జ్ ప్రొటెక్టర్ ఉండాలి. కొబ్బరిచెట్టు కింద కారు పెట్టవద్దని ఈ ప్రాంతంలో ఎవరికీ చెప్పనక్కర్లేదు గానీ, చార్జింగు పాయింటు చెట్టు కింద పెడితే కారు అక్కడే నిలపాల్సి వస్తుందని మరవకండి. ఇన్వర్టరు ఉన్నవాళ్ళు కారు లైనును దాని ముందు నుంచే వేరు చేయించాలి. లేకపోతే కరెంటు పోయిన మరుక్షణం కారు ఇన్వర్టరు మీద పడుతుంది.

ఇక బిల్లు. నెలకు వెయ్యి కిలోమీటర్లు తిరిగే చిన్న కారుకు చార్జింగు నష్టాలతో కలిపి సుమారు 160 యూనిట్లు కావాలి. ఆంధ్రప్రదేశ్‌లో 2022-23 నుంచి అమలైన గృహ టారిఫ్‌లో 76 నుంచి 125 యూనిట్ల దాకా యూనిట్‌కు రూ.4.50, 225 దాకా రూ.6, 400 దాకా రూ.8.75, ఆపైన రూ.9.75. ఎలక్ట్రిక్ వాహనాల చార్జింగ్‌కు విడిగా ఉన్న కేటగిరీలో యూనిట్‌కు రూ.6.70. సర్దుబాటు చార్జీలు, సుంకం వీటికి అదనం. నెలకు వంద యూనిట్లు వాడే చిన్న కుటుంబం కారును ఇంటి మీటరు మీదే పెడితే అదనంగా పడేది సుమారు రూ.1,020. రెండు వందల యూనిట్లు వాడే ఇంట్లో అదే కారుకు రూ.1,330. ఏసీలతో 350 యూనిట్లు వాడే ఇంట్లో రూ.1,510. విడి మీటరు మీదైతే ఎవరికైనా రూ.1,070 చిల్లర. అంటే విడి మీటరు అందరికీ లాభం కాదు. ఇంటి వాడకం వంద, నూట పాతిక దగ్గర ఆగేవాళ్ళకు ఉన్న మీటరే చాలు. ఏడాది పొడవునా రెండు వందలు దాటేవాళ్ళు విడి కనెక్షను తీసుకోవడం మేలు. ఎటు చూసినా పెట్రోలుతో పోలిక లేదు. లీటరుకు పదహారు కిలోమీటర్లిచ్చే కారుకు వెయ్యి కిలోమీటర్లంటే అరవై లీటర్ల పైమాట, రూ.6,500 దాటుతుంది.

ఇంటి కనెక్షనుతో కారు చార్జ్ చేసుకోవడానికి ఎవరి అనుమతీ అక్కర్లేదని 2022 జనవరిలో కేంద్ర విద్యుత్ శాఖ ఇచ్చిన మార్గదర్శకాలు స్పష్టం చేశాయి. 2024 ఫిబ్రవరిలో వినియోగదారుల హక్కుల నిబంధనలు సవరించినప్పుడు చార్జింగుకు విడి కనెక్షను కోరే హక్కు చేర్చారు, గ్రామాల్లో కొత్త కనెక్షను గడువును 30 రోజుల నుంచి 15కు కుదించారు. అయితే మీటరు మీద రాయించిన లోడు రెండు కిలోవాట్లయి ఉండగా ఏడు కిలోవాట్ల పెట్టె పెట్టడం మాత్రం కుదరదు. లోడు పెంచుకోవడానికి తూర్పు ప్రాంత విద్యుత్ పంపిణీ సంస్థకు దరఖాస్తు చేయాలి. సాధారణంగా 5 కిలోవాట్లు దాటితే త్రీఫేజ్ తీసుకోమంటారు.

తోటలో మోటారుకిచ్చిన ఉచిత కరెంటుతోనో, చేపల చెరువుకిచ్చిన రాయితీ కరెంటుతోనో కారు చార్జ్ చేయవచ్చా అని అడిగేవాళ్ళున్నారు. చేయకూడదు. ఒక అవసరానికిచ్చిన కరెంటును వేరే దానికి వాడితే విద్యుత్ చట్టం 126వ సెక్షను కింద వర్తించే ధరకు రెట్టింపు కట్టిస్తారు. అదొక్కటే కాదు, ఆ రాయితీ నిజంగా అవసరమున్న రైతుకు రేపు అనుమానపు చూపు మిగులుతుంది.

డాబా ఉన్నవాళ్ళు సోలారు గురించి ఆలోచించాలి. 2024లో మొదలైన పీఎం సూర్యఘర్ పథకంలో 3 కిలోవాట్లకు రూ.78,000 రాయితీ వస్తుంది. అది నెలకు సుమారు 350 యూనిట్లిస్తే కారుకు కావలసింది అందులో సగం కంటే తక్కువ. పగలు కారు ఊళ్ళో తిరుగుతున్నా నెట్ మీటరింగు వల్ల మిగిలిన యూనిట్లు లెక్కలో ఉంటాయి. నా లెక్కలో, గోడపెట్టెకు పెట్టే డబ్బును సోలారులో పెట్టడం చాలా కుటుంబాలకు మేలు.

ఇంటి గేటు బయట ఉన్న సమస్య ట్రాన్స్‌ఫార్మరు. 25 కేవీఏ చిన్న ట్రాన్స్‌ఫార్మరు మీద పదిహేను, ఇరవై ఇళ్ళుంటే అందులో రెండు ఏడు కిలోవాట్ల కార్లు ఒకేసారి ఎక్కినా సగానికి పైగా అవే తినేస్తాయి. సాయంత్రం ఆరు నుంచి పదింటి దాకా టీవీలు, ఏసీలు, మోటార్లు అన్నీ నడిచే వేళ. ఓల్టేజి 230 నుంచి 180కి పడితే కారుకు ఎక్కేది తగ్గుతుంది, ఇంకా పడితే చాలా చార్జర్లు ఆగిపోతాయి. పక్కింటివాళ్ళ మోటారూ మూలుగుతుంది. సంక్రాంతికి ఇది మరీ కనబడుతుంది. హైదరాబాదు నుంచి నాలుగు వందల కిలోమీటర్ల పైగా నడిచి బ్యాటరీ ఖాళీ చేసుకుని వచ్చిన పిల్లల కార్లు భోగి ముందు రాత్రి ఒక్కసారే ప్లగ్గులకు తగులుకుంటాయి. 45 యూనిట్ల బ్యాటరీ పెద్ద ప్లగ్గు మీద నిండడానికి పద్నాలుగు గంటలు పడుతుంది. దారిలో హైవే మీద అరగంట ఆగి ఫాస్ట్ చార్జింగు చేసుకుని వస్తే ఇంటి మీద ఆ భారం ఉండదు.

దాదాపు ప్రతి ఎలక్ట్రిక్ కారులోనూ చార్జింగు మొదలయ్యే వేళను నిర్ణయించే సౌకర్యం ఉంటుంది. రాత్రి పదకొండు తర్వాతకు పెట్టుకుంటే ఓల్టేజి నిలకడగా ఉంటుంది, వీధికీ ఇబ్బంది లేదు. బ్రిటన్‌లో 2022 జూన్ 30 నుంచి అమ్మే ఇంటి చార్జర్లను సాయంత్రపు రద్దీ వేళ తమంతట తాము మొదలవకుండా అమర్చి ఇవ్వాలని చట్టమే చేశారు. మనకు ఆ చట్టం లేదు, మన గృహ టారిఫ్‌లో రాత్రికి వేరే ధరా లేదు. కాబట్టి వీధిలో అందరి కోసం మనమే పాటించాలి.

అద్దె ఇళ్ళ సంగతి క్లుప్తంగా చెప్పాలంటే, ఇంటి యజమానితో ముందే మాట్లాడి సబ్ మీటరు పెట్టుకుని, లైను ఖర్చు ఎవరిదో కాగితం మీద రాసుకోండి. కాకినాడ, రాజమహేంద్రవరం అపార్ట్‌మెంట్లలో ఉన్నవాళ్ళకు పైన చెప్పిన విడి కనెక్షను హక్కే దారి.

షోరూములవాళ్ళకు ఒక విన్నపం. ఇంటి పరిశీలన కారు డెలివరీ అయ్యాక కాకుండా బుకింగ్ డబ్బు తీసుకునే ముందే చేయించండి. ఎర్త్, వైరు మందం, మీటరు లోడు, ఓల్టేజి నాలుగూ రాసిన కాగితం కొనేవాళ్ళ చేతిలో పెట్టండి. విద్యుత్ సంస్థకు ఇంకొకటి. 2019 అక్టోబరు నుంచి గ్రామ సచివాలయాల్లో ఎనర్జీ అసిస్టెంట్లున్నారు. ప్రతి సచివాలయానికీ ఒక ఎర్త్ టెస్టరు ఇచ్చి, కారున్నా లేకున్నా అడిగిన ప్రతి ఇంటికీ పరీక్ష చేసి చెప్పే ఏర్పాటు చేయాలి. అంతదాకా చదువరులు చేయగలిగింది ఒకటుంది: వేసవి ఎండల్లోనే, కారు కొన్నా కొనకపోయినా, మంచి ఎలక్ట్రీషియన్‌ను పిలిచి మీ ఇంటి ఎర్త్ కొలిపించుకోండి.